నలుగురికీ ఒకే పొయ్యి

పన్నెండో తరగతి పిల్లవాడు ఏ కాలేజీలో చేరాలో మార్కులు తేలుస్తాయని అందరూ అనుకుంటారు. మా రోజుల్లో, మా వైపు, చాలాసార్లు దాన్ని అన్నం తేల్చేది. ఈ సంగతి నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. ఒక వేసవిలో ముద్దయిపోయిన అన్నం తిని నేర్చుకున్నాను.

ఈ మధ్య పలాసలో ఒక కాలేజీలో, పిల్లలకు పై చదువుల గురించి సలహా చెప్పే పని ఇద్దరు కుర్ర లెక్చరర్లకు అప్పగించారట. వాళ్లు మా ఇంటికి వచ్చి, మీరు ఈ పని చేసేవారట కదా, ఎలా చేసేవారు అని అడిగారు. నోటితో చెబితే నేను పక్కదారులు పడతాను. అందుకని పాత డైరీలు దించి, వరసగా పేర్చుకుని, ఇది రాస్తున్నాను. నా బదిలీలు, ఇంక్రిమెంట్లు, పైవాళ్లకు పంపిన రిపోర్టులు ఇందులో ఉండవు. ఆ రిపోర్టులు అప్పుడే ఎవరూ చదవలేదు, ఇప్పుడు మీకెందుకు?

బొమ్మల అట్టలు

అరవైల చివర్లో నేను టెక్కలిలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. పన్నెండో తరగతి వరకూ ఉన్న బడి అది. అక్కడ పాసైతే నేరుగా డిగ్రీలో చేరొచ్చు. అలాంటి బడికి ఒక కెరీర్ మాస్టరు ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో చుట్టూ చూసి, పుస్తకాలకు అట్టలు వేసుకునే మనిషి నేనొక్కడినే కనిపించడంతో నన్ను శిక్షణకు పంపారు. శిక్షణలో ఒక సంచీడు బొమ్మల అట్టలు ఇచ్చారు. డాక్టరు బొమ్మ, ఇంజనీరు బొమ్మ, నల్లకోటు బొమ్మ, నాగలి బొమ్మ. పిల్లవాడి ముందు పరిచి, ఏ బొమ్మ ముందు తీస్తాడో చూసి, వాడి అభిరుచి రాసుకోవాలి.

నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. పద్ధతి ఏదైనా నాకు నచ్చుతుంది.

హెడ్మాస్టరు గారికి నచ్చలేదు. ఆయన దగ్గర ఇంకా సులువైన పద్ధతి ఉంది. మార్కులు మేడమెట్లలాంటివని ఆయన నమ్మకం. పై మెట్టు మీదున్నవాడు ఇంజనీరింగుకు, కింది మెట్టువాడు బీఎస్సీకి, ఇంకా కిందివాడు బీఏకి, నేల మీదున్నవాడు టైపు ఇన్‌స్టిట్యూటుకు. "మార్కులున్నాయి కదా మాస్టారూ, మళ్లీ ఈ చీట్లపేకేటి?" అనేవారు. ఆయన మంచి పాలకుడు. సున్నం నుంచి సుద్దముక్క దాకా ఆయనకు తెలియకుండా బడిలో ఏదీ కదిలేది కాదు. కానీ ఒక పిల్లవాడు ఎందుకు ఇటు కాక అటు వెళ్తాడన్నది ఆయన ఎన్నడూ అడగలేదు. అలాంటి పై అధికారి దొరికితే మీరు పోట్లాడకండి. ఆయన మెట్ల లెక్క ఆయనకు రాసిచ్చి, మీ పని మీరు చేసుకోండి. నేను అలాగే చేశాను.

ఇచ్ఛాపురం పిల్లవాడొకడు వాల్తేరులో సీటు వచ్చే మార్కులుండి కూడా బరంపురం పోతానన్నాడు. కారణం అడిగితే, వాళ్ల నాయనమ్మ పొద్దున్న రైలెక్కి వీణ్ణి చూసి సాయంత్రం ఇంటికి చేరుకోవాలట. నేను నవ్వాను. వాడు బరంపురమే వెళ్లి, ఒరియా, తెలుగు రెండూ దంచి, దర్జాగా పాసయ్యాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అనవసరంగానే కనిపిస్తుంది. సరే, అసలు సంగతికి వస్తాను.

వజ్రపుకొత్తూరు వైపు నలుగురు

ఆ ఏడాది పన్నెండో తరగతి వ్యవసాయం సెక్షనులో వజ్రపుకొత్తూరు దగ్గరి ఒకే ఊరి పిల్లలు నలుగురు ఉండేవారు. కూర్మారావు, లోకనాథం, జోగారావు, తవిటయ్య. టెక్కలిలో ఒకే గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఆ కొబ్బరితోటల ఉద్దానం పిల్లలందరిదీ అదే పద్ధతి. ఊరి నుంచి బియ్యం, కొబ్బరికాయలు, ఎండుచేపలు బస్సు మీద వస్తాయి. ఊరి పిల్లలంతా ఒకే పొయ్యి మీద వండుకుంటారు. పొయ్యి చీలకూడదు. ఒకడు ఎటు వెళ్తే మిగతావాళ్లూ అటే.

లోకనాథం ఆ ఊరి మునసబు సింహాద్రి నాయుడు గారి కొడుకు. తెల్లచొక్కా మీద మట్టి పడితే దిగులుపడే రకం. మరి వ్యవసాయం సెక్షనులో ఎందుకు చేరాడో నాకు అంతుపట్టేది కాదు. అట్టలు పరిచి కూర్చోబెట్టాను. వాడు బొమ్మల వైపే చూడలేదు.

"కూర్మిగాడు ఏటి తీసుకుంటే అదే రాసీండి మేస్టారూ."

స్నేహం కాబోలనుకుని మెచ్చుకున్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"స్నేహం కాదండీ. ఆడే కదా ఒండీది."

జోగారావు, తవిటయ్యలదీ అదే జవాబు. కూర్మారావు వండుతాడు, అందువల్ల ముగ్గురూ వ్యవసాయం సెక్షనులో చేరారు. తవిటయ్యకు వరికీ ఊదగడ్డికీ తేడా తెలియదు. కూర్మారావు తల్లి పొద్దున్నే జీడితోటల పనికి పోయేది. తండ్రి గున్నయ్య కొబ్బరిచెట్లెక్కే కూలి. చెల్లెళ్లకు వండిపెట్టడం వాడికి చిన్నప్పుడే వచ్చింది. టెక్కలి గదిలో వాడు వండేవాడు, గది అద్దె సంగతి మిగతా ముగ్గురి ఇళ్లవాళ్లు చూసుకునేవారు. అందరికీ సరిపోయిన ఏర్పాటు.

ఇప్పుడు డిగ్రీకి వచ్చేసరికి లెక్క తిరగబడింది. విశాఖపట్నంలో నాయుడు గారి చుట్టాల ఇంట్లో మేడ మీద గది ఉంది. పక్కనే కాలేజీ, అందులో బీఏ. కనుక నలుగురూ బీఏ. కూర్మారావు కూడా.

కూర్మారావు ముందు అట్టలు పరిచాను. వాడు నాగలి బొమ్మ తీసి, తిప్పి చూసి, మళ్లీ పెట్టేశాడు.

"ఈ నాగలి మా ఇసకలో దిగదండీ," అన్నాడు.

వాడు బడితోటలో గంటలు గంటలు కూర్చునేవాడు. సముద్రం వైపు వరసలో కొబ్బరికి కాయ ఎందుకు చిన్నదవుతుందో వాడికి కావాలి. పురుగుపట్టిన ఆకు కాగితంలో మడిచి క్లాసుకు తెచ్చి, లెక్కల మాస్టారినైన నన్ను అడిగేవాడు. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ ఉందని, హాస్టలు ఉందని, ఎంపికైతే సర్కారు స్కాలర్‌షిప్పు దొరుకుతుందని చెప్పాను. వాడి మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"సంతకం నాయుడు మావ పెట్టాల కదండీ."

నిజమే. వ్యవసాయం మీద బతికే కుటుంబం వాడని గ్రామ మునసబు సంతకం చేస్తేనే ఆ దరఖాస్తు కదిలేది. వంటవాణ్ణి వదులుకోవడానికి మునసబు గారే సంతకం చేయాలి.

నా ఉపన్యాసం, నాయుడు గారి ఆవులింత

ఒక ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. బస్సు దిగాక సైకిలు మీద బయల్దేరాను. ఇసుక మొదలైన దగ్గర్నుంచి సైకిలే నా మీద వచ్చింది. నాయుడు గారు అరుగు మీద పీట వేయించి, లేత కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారు. కూర్మారావు తండ్రి గున్నయ్య కొంచెం దూరంలో తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

నేను సిద్ధమై వెళ్లాను. దేశానికి వ్యవసాయ పట్టభద్రులు ఎంత అవసరమో, కొత్త వంగడాలు ఎలా వస్తున్నాయో వరసగా చెప్పాను. నాయుడు గారు మర్యాదగా విన్నారు. మధ్యలో ఒకసారి మరీ మర్యాదగా ఆవులించారు. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు.

"అన్నీ బాగున్నాయి మేస్టారూ. మా గుంటడికి కూడు ఎవులు ఒండుతారు?"

ఆయన చెడ్డవాడు కాదు. కూర్మారావు బాగుపడొద్దని ఆయనకు లేదు. హోటలు కూడు తిని కడుపు చెడి వెనక్కొచ్చేసిన తన తమ్ముడి సంగతి చెప్పారు. కూర్మిగాడుంటే ముగ్గురు పిల్లలు నిలబడతారు, వాడూ వాళ్లతోపాటు డిగ్రీ చదువుతాడు, ఇందులో ఎవరికి నష్టం అన్నారు. న్యాయంగా చూస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. గున్నయ్య నేల చూస్తూ, నాయుడు బావు ఎలాగంటే అలాగే అన్నాడు.

నేను మరీ ఏమీ తోచక, మీ అబ్బాయే వంట నేర్చుకుంటే సరిపోతుంది కదా అన్నాను. అరుగు మీద అంతా నవ్వారు. లోపల్నుంచి ఇంకా పెద్దగా ఎవరో నవ్వారు. నాయుడు గారి భార్య నరసమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు.

"మా లోకిగాడే? ఆడు కూడు ఒండితే నాను కొబ్బరిసెట్టు ఎక్కుతాను, మేస్టారూ."

"ఎక్కాల్సి వస్తే గున్నయ్య నిచ్చెన వేస్తాడమ్మా," అన్నాను. గున్నయ్య ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఆవిడకు పట్టుదల వచ్చింది. సరే, పరీక్షలయ్యాక ముగ్గురూ మా ఇంటికి వచ్చి, మా పొయ్యి మీద, మా అందరికీ వండాలి. కూర్మిగాడు వంటింటి గడప తొక్కకూడదు. మేం తినగలిగితే ఈయన సంతకం పెడతారు, లేకపోతే నలుగురూ బీఏకి పోతారు అన్నారు. నాయుడు గారు మీసం సర్దుకుని ఊరుకున్నారు. ఆ ఇంట్లో అది ఒప్పుకోవడమేనట. దారిలో గున్నయ్య చెప్పాడు.

ఆ రాత్రి డైరీలో ఉపన్యాసం సంగతి రాయలేదు. "అన్నం సంగతి ముందు అడగాలి" అని ఒక్క ముక్క రాశాను. ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్లకు నేను ఇచ్చే సలహాల్లో చాలామట్టుకు ఆ ముక్కలోనే ఉంది. పెద్దవాళ్లు వద్దన్నప్పుడు మనం చదువు గొప్పదనం చెప్పడం మొదలుపెడతాం. వాళ్లకు అది తెలుసు. వాళ్ల భయం ఇంకెక్కడో ఉంటుంది, సాధారణంగా చాలా చిన్నదై, చెప్పుకోడానికి సిగ్గుపడేదై ఉంటుంది. దానికి జవాబు చెప్పగలిగితే మిగతాది వాళ్లే ఒప్పుకుంటారు.

టెక్కలి గదిలో శిక్షణ

మర్నాడే గదికి వెళ్లి గోడకు టైంటేబులు అంటించాను. లోకనాథానికి అన్నం, జోగారావుకు పులుసు, తవిటయ్యకు బియ్యంలో రాళ్లు ఏరడం, పొయ్యి ఊదడం. గురువు కూర్మారావు.

వాడికి చెప్పడం రాదు. చేయడమే వచ్చు. నీళ్లు ఎంత పోయాలిరా అని లోకనాథం అడిగితే, "సెయ్యి పెట్టి సూడు బావా, తెలుస్తాది," అనేవాడు. లోకనాథం చెయ్యి పెట్టి చూసేవాడు, ఏమీ తెలిసేది కాదు. ఇలా కాదని నేను కలగజేసుకున్నాను. గ్లాసుకు ఇన్ని గ్లాసులని కొలత పెట్టి, పలకమీద రాసి, పొయ్యి పక్కన నిలబెట్టాను. కూర్మారావు పలక వంక చూసి ఏదో అనబోయి, మాస్టారి మీద గౌరవంతో మానుకున్నాడు. ఆ గౌరవమే తర్వాత మా కొంప ముంచింది.

కొలత పెట్టాక అన్నం బాగా కుదిరింది. లోకనాథానికి హుషారొచ్చింది. వాడు చొక్కా విప్పి కొంకికి తగిలించి పొయ్యి ముందు కూర్చోవడం నేను కళ్లారా చూశాను. పులుసులో ఉప్పు తక్కువైతే జోగారావును వాడే మందలించేవాడు. తవిటయ్య ఏరిన బియ్యంలో రాయి తగిలితే, ఆ రాయి తీసి వాడి కంచం అంచున పెట్టేవాడు. హెడ్మాస్టరు గారికి విషయం తెలిసి, "పరీక్షలు పెట్టుకుని ఈ వంటలేటి మాస్టారూ," అన్నారు. అభిరుచి పరీక్ష అని చెప్పాను. ఉత్తర్వులో ఉన్న మాట కాబట్టి ఆయన ఊరుకున్నారు.

నరసమ్మ గారి పరీక్ష

పరీక్షలయ్యాయి, ఫలితాలొచ్చాయి, నలుగురూ పాసయ్యారు. దరఖాస్తుకు గడువు దగ్గర పడింది. అచ్చువేసిన కాగితాలు సంచిలో పెట్టుకుని మళ్లీ ఆ ఇసుకలో సైకిలు మోశాను.

కూర్మారావు, గున్నయ్య అరుగు మీంచి కనిపించే పక్కపెరట్లో కొబ్బరిమట్టల కుప్ప మీద కూర్చున్నారు. వంటింట్లో ముగ్గురు. అరుగు మీద నాయుడు గారు, నేను. ఇంట్లో ఆడవాళ్లంతా పనులు మానేసి వసారాలో చేరారు, నాటకం చూడ్డానికి వచ్చినట్టు. పులుసు వాసన బాగానే వచ్చింది. నేను ధైర్యంగా ఉన్నాను.

కాసేపటికి కూర్మారావు లేచి కిటికీ వైపు చూసి, మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"మేస్టారూ, ఆల్లు గ్లాసు లెక్కే పోసినారేటి?"

అవును, నేను చెప్పిన లెక్కే అన్నాను.

"టెక్కల్లో మనం పాతబియ్యం ఒండినాం. ఇక్కడివి కొత్తబియ్యం అండీ."

కొత్తబియ్యం అంత నీరు తాగదు. ముద్దయిపోతుంది. వాడు చెయ్యి పెట్టి చూడమన్నది ఇందుకన్నమాట. లేచి వెళ్లి చెబుదామనుకున్నాను. నరసమ్మ గారు గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నారు. వాడు వెనక్కి వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు. బీఏ పుస్తకాలు అప్పుడే చేతిలో పెట్టినట్టుంది వాడి మొహం.

లోపల మూత తీసిన చప్పుడైంది. జోగారావు ఏదో అన్నాడు. తవిటయ్య ఏడుపుగొంతుతో ఏదో అన్నాడు. నాయుడు గారు నా వంక చూడకుండా చుట్ట ముట్టించారు. అప్పుడు లోకనాథం గొంతు గట్టిగా వినిపించింది: "పెరుగెక్కడుందే అమ్మా?"

ఉట్టి మీద అని ఆవిడ చెప్పారు. ఇంకొంచెంసేపటికి నూనెలో ఆవాలు, ఎండుమిరప చిటపటలాడాయి. అల్లం, కరివేపాకు వాసన వీధిదాకా వచ్చింది. ఆకులు వేశారు. లోకనాథం గంపంత పళ్లెంలో తెల్లగా, మెత్తగా పోపు పెట్టిన పెరుగన్నం తెచ్చి, జంకకుండా వడ్డించాడు. చొక్కా లేదు, ఒంటి నిండా మసి. పక్కన పులుసు. ఎవరూ పెరుగన్నం చేయమని చెప్పలేదు, అయినా మొదట్నుంచీ అదే అనుకున్నట్టు వడ్డించాడు.

నాయుడు గారు ముద్ద పెట్టుకున్నారు, రెండోసారి పెట్టించుకున్నారు. నరసమ్మ గారు అందరికన్నా నెమ్మదిగా తిన్నారు. వేళ్ల మధ్య ముద్ద నలిపి చూశారు. ఆవిడకు తెలిసిపోయిందని మా అందరికీ తెలిసింది.

"అన్నం ఒండడం రానేదురా నీకు," అన్నారు కొడుకుతో. పెరట్లో కూర్మారావు తల దించుకున్నాడు. ఆవిడ ఇంకో ముద్ద తిని, అప్పుడు భర్త వైపు తిరిగారు. "గానీ సెడిపోయిన కూడు నలుగురిసేతా తినిపించీసినాడు. అది సేతనైనోడు ఏ ఊళ్లోనైనా బతికీగలడు. మీరు సంతకం పెట్టీండి."

నాయుడు గారు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశారు. గున్నయ్య ఆ కాగితాన్ని తాకలేదు. దూరం నుంచే చూసి, తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. కొబ్బరిచెట్టు ఎక్కే సంగతి నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

తర్వాత

కూర్మారావు బాపట్లలో ఇంటర్వ్యూకి వెళ్లాడు. కొబ్బరి మొక్కకు ఎంత నీరు పెట్టాలని అడిగారట. "ఏ నేలలోనండీ?" అని తిరిగి అడిగాడట. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, సీటిచ్చారు. చదువు అయ్యాక కొన్నేళ్లు ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి వ్యవసాయాధికారిగా ఉద్దానానికే వచ్చాడు. సముద్రం వైపు వరసలో కాయ ఎందుకు చిన్నదవుతుందో నాకు వివరంగా చెప్పాడు. నాకు సగమే అర్థమైంది.

జోగారావు, తవిటయ్య బీఏ పూర్తిచేసి, ఒకడు రైల్వేలో, ఒకడు తాలూకా ఆఫీసులో కుదురుకున్నారు. లోకనాథం రెండో ఏడాది మానేశాడు. వాడి అభిరుచి రాసిపెట్టుకున్న నా కార్డులో "న్యాయవాద వృత్తి లేక రాజకీయాలు" అని ఉంది, నా అందమైన చేతిరాతతో. వాడు పలాస స్టేషను దగ్గర భోజన హోటలు పెట్టాడు. వేల విస్తళ్లు లేచాయి అక్కడ. హోటలు కూటికి భయపడిన నాయుడు గారు పలాస వచ్చినప్పుడల్లా అక్కడే తినేవారు. మరి నా బొమ్మల అట్టల్లో గరిటె బొమ్మ లేదు. మీ దగ్గర ఇప్పుడు కంప్యూటర్లో ఉండే పరీక్షల్లో ఉందేమో చూసుకోండి.

నేను రిటైరయ్యాక ఒకసారి కూర్మారావు పలాసలో కనిపించి, పదండి మాస్టారూ బావ హోటల్లో తిందాం అన్నాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న లోకనాథం మమ్మల్ని చూసి లేచి, చొక్కా విప్పి కొంకికి తగిలించి, తనే వడ్డించాడు. కూర్మారావు ఒక ముద్ద తిన్నాడు.

"ఎలాగుంది బావా?"

"కొత్తబియ్యం ఒండినావు. నీరు తగ్గించాల్సింది."

"నానేటి సేత్తాను, మేస్టారు సెప్పిన లెక్కే పోసినాను మరి."

ఇద్దరూ నా వంక చూశారు. నేను కొంచెం పెరుగు వేయమన్నాను.